కోరిక యొకటి, వ్రాత మరియొకటి

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన నాటినుండి డిగ్రీ కళాశాలల తలుపులు తెరచు నాటివరకు తెలంగాణములోని వేలాది కుటుంబములను ఒక ప్రశ్న వేధించుచుండును. ఆ ప్రశ్న "మా బిడ్డ యేమి చదువవలెను?" అనునది కాదు. "ఏమి వ్రాసినచో సీటు వచ్చును?" అనునది. ఈ రెండు ప్రశ్నలు వినుటకు అక్కచెల్లెండ్ర వలె నున్నను, వాని నడుమ నున్న దూరము ఎల్లారెడ్డికిని కామారెడ్డికిని నడుమ నున్న దూరముకంటె ఎక్కువ. ఆ దూరమున దారి తప్పుచున్న పిల్లలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని మా యుద్దేశము.

కోరినది వ్రాయక, సులభముగా దొరకునది వ్రాసి లోపలికి ప్రవేశించి, ఆ పిమ్మట కోరిన దానికి మారవచ్చునను నుపాయము క్రొత్తది కాదు. అమెరికాలో దీనికి మంచి గిరాకీ యున్నది. అచ్చటి విశ్వవిద్యాలయములు దరఖాస్తులోనే "మీరు ప్రధానముగా చదువదలచిన శాస్త్రమేది?" అని యడుగును. కంప్యూటర్ శాస్త్రమునకు పోటీ తీవ్రముగా నుండుటచే, భాషాశాస్త్రమనియో, చరిత్ర యనియో, తత్త్వశాస్త్రమనియో వ్రాయుమని సలహా నిచ్చువారు బయలుదేరిరి. టెక్సాస్, న్యూజెర్సీ రాష్ట్రములలో స్థిరపడిన మనవారి యిండ్లలోను ఈ మాట వినబడుచునే యున్నది. కాని విశ్వవిద్యాలయములు అంత అమాయకములు కావు. దరఖాస్తును చదువువారు మనుష్యులు. నాలుగేండ్లు కంప్యూటర్ పోటీలలోనే గడిపిన బాలుడు ఒక్కసారిగా ప్రాచీన గ్రీకు భాషపై ప్రేమ ప్రకటించినచో ఆ ప్రేమ యెంతటిదో వారికి తెలియకపోదు. అదియునుగాక, అర్బానా-షాంపేన్‌లోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయము వంటి చోట్ల వేరొక శాఖలో చేరి తరువాత కంప్యూటర్ శాస్త్రమునకు మారుట కడు దుర్లభము. దొడ్డిదారిని వచ్చువారు పెరిగినకొలది దొడ్డి తలుపునకు పెద్ద తాళము పడుట సహజమే కదా!

ఆ దేశపు సంగతి యట్లుండనిండు. మన పిల్లల దరఖాస్తును చదువు మనుష్యుడు లేడు. దానిని యంత్రము చదువును. ఈ యొక్క భేదమును గుర్తింపనందువలననే మనవారి యుపాయములు అధికభాగము తలక్రిందులగుచున్నవి.

తెలంగాణములో డిగ్రీ ప్రవేశములు 2016వ సంవత్సరమునుండి "దోస్త్" అను ఆన్‌లైన్ పద్ధతిచే జరుగుచున్నవి. విద్యార్థి తన పేరు నమోదు చేసికొని, తాను కోరు కళాశాలను, అందలి కోర్సును జతపరచి, ఒకటవ కోరిక, రెండవ కోరిక, మూడవ కోరిక యని వరుసగా వ్రాయును. ఇంటర్మీడియట్ మార్కులు, రిజర్వేషను నిబంధనలు, ఈ వరుస — ఈ మూటినిబట్టి సీటు నిర్ణయమగును. ఇంజనీరింగు ప్రవేశములందును పద్ధతి యిట్టిదే. అచ్చట మార్కులకు బదులు ఎప్‌సెట్ ర్యాంకు ఉండును. మున్ను ఎంసెట్ అని పిలువబడిన పరీక్షయే 2024నుండి ఈ పేరు దాల్చినది.

యంత్రము చేయు పని యేమి? రిజర్వేషను లెక్కల నటుంచి చూచినచో మూలసూత్రము సులభము. ఎక్కువ మార్కులు గలవారిని ముందు పిలుచును. వారి మొదటి కోరికలో ఖాళీ యున్నదా యని చూచును. ఉన్నచో ఇచ్చును, లేనిచో రెండవ కోరిక, అదియు లేనిచో మూడవ కోరిక. అటుపిమ్మట తరువాతి విద్యార్థి. ఇంతే. ఇందులో మొదటి కోరిక వ్రాసినందులకు బహుమానము లేదు. దొరకనిది మొదట వ్రాసినందులకు శిక్షయు లేదు.

ఒక బాలిక నూహింతము. ఆమెది ఎల్లారెడ్డి ప్రాంతపు పల్లె. బై.పి.సి. చదివినది. వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, రసాయనశాస్త్రములతో బి.యస్సీ. చదివి ఉపాధ్యాయురాలు కావలెనని ఆమె కోరిక. ఆ కోర్సు కామారెడ్డిలో ఒక కళాశాలయందు దొరకునో దొరకదో యను సందేహముచే, పొరుగువారి సలహాపై, "తప్పక వచ్చును" అన్న వేరొక కోర్సును మొదట వ్రాసి, తాను కోరినదానిని రెండవదిగా వ్రాసినది. యంత్రము మొదటి కోరికను చూచినది, ఖాళీ యున్నది, ఇచ్చివేసినది. రెండవ కోరిక వంక కన్నెత్తియు చూడలేదు. ఆమె మార్కులకు అచ్చట సీటుండినను ఆమెకు తెలియు మార్గమే లేదు. ఇదే బాలిక తాను కోరినదానిని మొదట, తప్పక వచ్చునన్నదానిని రెండవదిగా వ్రాసియున్నచో? కోరినది వచ్చినచో వచ్చినది. రానిచో రెండవ కోరికను చూచునప్పుడు ఆమె స్థానము ఏ మాత్రము తగ్గి యుండదు. ఎక్కువ మార్కులవారి పిమ్మట ఆమె వంతు ఎచ్చట నుండినదో అచ్చటనే యుండును. "మొదటిది పోయినచో రెండవదియు పోవును" అను భయము మన జిల్లాలలో ఎందరి చదువులను ప్రక్కదారి పట్టించినదో లెక్కించినవారు లేరు.

ఆ భయమునకు సహితము ఒక చరిత్ర యున్నది. కొన్ని పద్ధతులలో అది నిజమే. అమెరికాలోని బోస్టను నగరపు పాఠశాలలలో 2005వ సంవత్సరమువరకు మొదటి కోరికగా వ్రాసినవారికే ముందు సీట్లు పంచెడివారు. మిగిలినచోనే రెండవ కోరికవారికి. ఎక్కువ గిరాకీగల బడిని మొదట వ్రాసి విఫలుడైన పిల్లవాడు రెండవ బడికి వచ్చుసరికి అదియు నిండిపోయెడిది. లోగుట్టు తెలిసిన తలిదండ్రులు కోరనిదానిని మొదట వ్రాసి లాభము పొందిరి. తెలియని పేదలు నిజము చెప్పి నష్టపోయిరి. ఇది న్యాయము కాదని గ్రహించి ఆ నగరమువారు 2005లో ఆ పద్ధతిని విడనాడిరి. నిజము చెప్పినవాడు నష్టపోని పంపక మెట్లుండవలెనో 1962లోనే డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అను ఇద్దరు గణితజ్ఞులు కళాశాలల ప్రవేశములను, వివాహములను ఉదాహరణములుగా గొని వ్రాసిన చిన్న వ్యాసము దారిచూపినది. ఆ మార్గమున పనిచేసినందులకు షాప్లీకిని, ఆల్విన్ రోత్‌కును 2012లో అర్థశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. మార్కుల వరుసనుబట్టి ఒక్కొక్కరిని పిలుచు మన పద్ధతి అంతకంటెను సరళమైనది. ఇందులో కోరికను దాచుకొన్నవానికి ఒరుగున దేమియు లేదు. గణితోపాధ్యాయులు కోరినచో పదిమంది పిల్లలను, పది కుర్చీలను పెట్టి తరగతిలో ఒక గంటలో దీనిని చేసి చూపవచ్చును. పదిమందిలో ఒకనిచేత అబద్ధపు వరుస వ్రాయించి, వాని కేమి దక్కెనో పిల్లలచేతనే చెప్పింపవలెను.

అయినచో జాగ్రత్తకు తావే లేదా? ఉన్నది. మొదటి విడతలో సీటు వచ్చినవాడు రెండవ విడతలో ఇంకను మంచిదానికి ప్రయత్నింపవచ్చును. కాని రెండవ విడతలో క్రొత్త సీటు వచ్చినచో పాతది తనంతట పోవును. కనుక చేతనున్నదానికంటె నిజముగా మేలని తోచినదానినే ఆ వరుసలో వ్రాయవలెను. సీటు వచ్చిన తరువాత గడువులోపల ఆన్‌లైన్‌లో తన సమ్మతి తెలుపనిచో అదియు చేజారును. కోరికలు రెండో మూడో వ్రాసి ఊరకుండుట మరియొక దోషము. ఇరువది వ్రాసినను అదనపు రుసుము లేదు. ఏ కోరికయు నెరవేరక మిగిలిపోవుటకంటె ఇరువదియవది వచ్చుట మేలు, అది నిజముగా చదువదగినదైనచో మాత్రమే.

ఇక "చేరిన తరువాత మారుదము" అను నాశ. దీనికి వాడుకలో "స్లైడింగ్" అను పేరున్నది. అదే కళాశాలలో ఖాళీలు మిగిలినచో ఒక కోర్సునుండి మరియొక కోర్సునకు మారు అవకాశ మిది. మిగిలినచో అను మాటను గమనింపుడు. అందరు కోరు కోర్సులో మిగులవు. మిగిలిన కోర్సును అందరు కోరరు. మారిన సీటునకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించునా లేదా యని ఆ యేటి నిబంధనలనుబట్టి ముందే విచారించుకొనవలెను. పేదయింటి పిల్లకు కోర్సు మారుటకంటె ఆ విచారణ ముఖ్యము.

ఇచ్చట మా కొక యాక్షేపణ యున్నది; సాహిత్యానుబంధమున వ్రాయుచున్నాము గనుక చెప్పక తీరదు. "సులభముగా వచ్చు సీటు" అని పేరుబడిన వానిలో తెలుగు సాహిత్యము, చరిత్ర, రాజనీతిశాస్త్రములు ముందు వరుసలో నున్నవి. ఇష్టముతో వచ్చినవాడును, గతిలేక వచ్చినవాడును ఒకే బల్లపై కూర్చుందురు. గతిలేక వచ్చినవాడు పాఠమును ద్వేషించును. ఆ ద్వేషము ఇష్టముతో వచ్చినవానికిని సోకును. అధ్యాపకునికి ఉత్సాహము సన్నగిల్లును. నాలుగేండ్లలో "చేరువారు లేరు" అను కారణముచే ఆ కోర్సే మూతపడును. అప్పుడు నిజముగా తెలుగు చదువగోరు పిల్ల హైదరాబాదుకు పోవలెను, లేదా కోరికను చంపుకొనవలెను. ఒకరి ఉపాయము ఇంకొకరి చదువును మ్రింగివేయుట యనగా నిదియే.

కోర్సుల గిరాకి స్థిరమైనదా? ఈ జిల్లాల చరిత్రయే జవాబు చెప్పును. 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరు మంజీరను కట్టివేసిన నాడు ఇంజనీరనగా ఆనకట్టలు కట్టువాడు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరునకు, 1963లో పోచంపాడునకు శంకుస్థాపనలు జరిగిన దినములలో సివిల్ ఇంజనీరింగు సీటు దొరకుట ఒక వైభవము. నిజాంసాగరు నీటితో చెరకు పండినది. ఆ చెరకుచే బోధనులో ఆసియాఖండమున పేరొందిన చక్కెర కర్మాగారము వెలసినది. అందులో ఉద్యోగము వచ్చినచో మూడు తరములకు భద్రమనుకొనెడివారు. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. నేడు ఇంజనీరింగు సీట్లలో సగమునకు మించి కంప్యూటర్ శాస్త్రము, దాని ఉపశాఖలే ఆక్రమించినవి; సివిల్, మెకానికల్ శాఖలలో ఖాళీలు మిగులుచున్నవి. పదునేడేండ్ల పిల్లవాడు ఈనాటి అంగడిని చూచి వ్రాసిన కోరికకు ఫలము నాలుగేండ్ల తరువాత; ఆ ఉద్యోగ జీవితము మరి ముప్పదియైదేండ్లు. అంగడి అంతకాలము ఒకే చోట నిలుచునని పూచీపడగలవా రెవరు? కంప్యూటర్ చదువవలదని మేము చెప్పుట లేదు. గణితమన్న తలనొప్పి వచ్చువాడు అందరితోపాటు దానిని వ్రాయుటయే మాకు నచ్చనిది.

అసలు ఎత్తుగడ అను మాటకు తగిన చోటు డిగ్రీ దరఖాస్తు కాదు. పదవ తరగతి తరువాతి గ్రూపు. ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి., హెచ్.ఇ.సి. అను నాలుగు జతల అక్షరములలో ఏది యెన్నుకొనినచో ఏ తలుపులు తెరచుకొనునో, ఏవి మూసికొనునో పదునైదేండ్ల పిల్లలకు ఎవరును కూర్చుండబెట్టి చెప్పుట లేదు. జీవశాస్త్రము వదలినవానికి వైద్యవిద్య మూసికొనును. గణితము వదలినవానికి ఇంజనీరింగు దాదాపుగా మూసికొనును. డిగ్రీలోను అంతే. రసాయనశాస్త్రము చదువనివానికి రసాయనశాస్త్రపు ఎం.యస్సీ. లేదు. బి.ఎడ్.లో ఏ బోధనాంశము లభించునో డిగ్రీలోని పాఠ్యాంశములనుబట్టి యుండును. ఉపాధ్యాయ నియామకములలో అర్హతయు దానినిబట్టియే. బడిపంతులు కావలెనని కోరుచు దానికి పనికిరాని జతను ఎన్నుకొనిన పిల్లలకు ఆ సంగతి మూడేండ్ల తరువాత తెలియుట ఎంతటి యన్యాయము! అందుకు భిన్నముగా, సివిల్ సర్వీసులకు గాని, గ్రూప్-1, గ్రూప్-2 పరీక్షలకు గాని సాధారణముగా ఏ డిగ్రీయైనను చాలును. కలెక్టరు కావలెనని కోరువాడు ఆ కారణముచే ఇష్టములేని కోర్సులో చేరనవసరము లేదు.

ఎన్నుకొనుటకు ముందు ఇంటి చుట్టు ఏమున్నదో చూచుట మంచిది. బెల్లపు వ్యాపారమునకు పేరొందిన కామారెడ్డి పట్టణమున పాడి సాంకేతిక కళాశాల యొకటి యున్నది, పి.వి. నరసింహారావు పేరిట వెలసిన పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందినది. ఎం.పి.సి. చదివినవారికి నాలుగేండ్ల బి.టెక్. అచ్చట కలదు: పాలను శుద్ధిచేయుట, నిలువచేయుట, వెన్న, పొడి, జున్ను తయారుచేయు యంత్రములు, వాని లెక్కలు. ప్రతి యింట పాడియున్న ప్రాంతమిది. అయినను ఈ చదువు పేరు విని "ఆ కళాశాలలో గేదెలు మేపుట నేర్పుదురా?" అని నవ్వు తలిదండ్రులున్నచో ఆశ్చర్యము లేదు. అట్లే, 2023 సెప్టెంబరులో రాష్ట్రమున ఒకేసారి ప్రారంభమైన తొమ్మిది ప్రభుత్వ వైద్య కళాశాలలలో కామారెడ్డిది యొకటి. భిక్కనూరులో తెలంగాణ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణమున్నది. 2006లో స్థాపింపబడిన ఆ విశ్వవిద్యాలయపు ప్రధాన ప్రాంగణము డిచ్‌పల్లిలో నున్నది. ఒక తరము క్రిందట ఈ ప్రాంతపు పిల్లలకు ఇవి లేవు. ఇంకను వెనుకకు పోయినచో, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడిన నాడు తెలుగు పల్లెనుండి వచ్చినవాడు ఏ శాస్త్రము కోరినను ముందుగా ఉర్దూ నేర్చుకొనవలసి యుండెను. వాని కోర్సును వానికంటె ముందు భాషయే నిర్ణయించినది.

నేడు ఆడపిల్లల కోర్సును తరచుగా నిర్ణయించునది దూరము. ఎల్లారెడ్డికి రైలు లేదు. లింగంపేట మీదుగా కామారెడ్డికి నలువది కిలోమీటర్లకు పైబడిన బస్సు ప్రయాణము. 2023 డిసెంబరు 9నుండి ఆర్టీసీ బస్సులలో ఆడవారికి ఛార్జీ లేకపోవుట వలన తలిదండ్రుల డబ్బు మిగిలినమాట నిజము. కాని పొద్దు మిగులలేదు. రోజునకు మూడు గంటలు బస్సులో గడుపు పిల్ల ప్రయోగశాల యున్న కోర్సును వదలుకొని, మధ్యాహ్నమునకే ముగియు కోర్సును వ్రాయుచున్నదన్నచో దానిని ఎత్తుగడ యనరాదు. హాస్టలు సీటు వచ్చునా రాదా యను సంగతి కోర్సు సీటుతోపాటు తెలిసినచో ఎందరి కోరికల వరుస మారిపోవునో! ఈ విషయమున ప్రభుత్వము చేయవలసినది కలదు. కళాశాల ప్రవేశపు గడువు, సంక్షేమ వసతిగృహపు ప్రవేశపు గడువు వేరువేరుగా నడచుచుండగా "నీ యిష్టము వచ్చినది వ్రాయుము" అని పిల్లతో చెప్పుట ఆమెను ఎగతాళి చేయుటయే.

ఉపాధ్యాయులతో రెండు మాటలు. దోస్త్ నమోదు సంఖ్యతోపాటు విద్యార్థికి ఒక రహస్య పిన్ వచ్చును. సెల్‌ఫోనునకు ఓటీపీ వచ్చును. "మీకెందుకు శ్రమ, మేమే నింపెదము" అని ఇంటికి వచ్చు ఏ కళాశాలవారికిని, ఏ దళారికిని వానిని చెప్పవలదని పిల్లలకు గట్టిగా నేర్పవలెను. పరులు నింపిన వరుసలో పరుల కోరికయే మొదట నుండును. ఇంజనీరింగు కోరువారికి క్రిందటి సంవత్సరము ఏ కళాశాలలో ఏ శాఖకు ఎంత ర్యాంకువరకు సీటు వచ్చినదో అధికారులు ప్రకటించు పట్టిక కలదు. దానిని చదువుట పట్టణపు కోచింగు సంస్థలలోని పిల్లలకు తెలియును. ఎల్లారెడ్డి ప్రభుత్వ పాఠశాలలో చదివి పోయిన పిల్లలకు తెలియదు. తెలివితేటలలో భేదమని మనము పొరపడుచున్నది తరచుగా ఈ పట్టికను చూచినవానికిని చూడనివానికిని గల భేదమే.

ఫలితములు వచ్చిన తరువాత అంతయు తొందర. దానికి ముందే, జనవరి ఫిబ్రవరి మాసములలో, జూనియర్ కళాశాలలందు ఒక్కొక్క విద్యార్థిచేత ఒక తెల్లకాగితముపై రెండు వరుసలు వ్రాయింపుడు. మార్కుల మాట తలపెట్టక తాను చదువగోరునవి యొక ప్రక్క. తనకు వచ్చునని తలచునవి మరియొక ప్రక్క. రెండును ఒకటియైన పిల్లలతో పని లేదు. వేరైనవారిని ప్రక్కకు పిలిచి, ఎందుకు వేరైనవో యడుగుడు. కొందరు తండ్రి పేరు చెప్పుదురు, కొందరు స్నేహితుని పేరు, కొందరు బస్సు వేళ. అదే మాసములో కామారెడ్డి పాడి సాంకేతిక కళాశాలనుండి ఒక అధ్యాపకుని, భిక్కనూరు ప్రాంగణమునుండి ఒక పరిశోధక విద్యార్థిని ఎల్లారెడ్డికి రప్పించి ఒక పూట మాటలాడింపుడు. దారిఖర్చు తప్ప వేరు వ్యయము లేదు. పిల్లలడుగు ప్రశ్నలకు మాత్రము వారు సిద్ధపడి రావలెను.